రెండు మానిటర్ల మీద విండోలు, నోటిఫికేషన్లు చెప్పినచోట ఉండాలంటే

రెండో మానిటర్ పెట్టుకున్నాక ఎదురయ్యే చిరాకులు చాలామందికి ఒకేలా ఉంటాయి. తెరిచిన ప్రోగ్రాం పక్క తెర మీదికి పోతుంది. నోటిఫికేషన్ మనం చూడని తెర మీద వచ్చి మాయమవుతుంది. మీటింగులో అందరి ముందూ వాట్సాప్ మెసేజ్ ప్రత్యక్షమవుతుంది. కేబుల్ తీసి మళ్లీ పెట్టేసరికి విండోలన్నీ చిన్న తెర మీద కుప్పపడి ఉంటాయి. దేనికదే వేరే తప్పులా అనిపిస్తుంది గానీ, వీటిలో సగానికి పైగా ఒకే చోట మొదలవుతాయి: మెయిన్ డిస్‌ప్లే (కంప్యూటర్ ప్రధానంగా తీసుకునే తెర) ఏది అన్నది మనం ఆలోచించి పెట్టుకోకపోవడం. పెద్ద తెరనే మెయిన్‌గా పెట్టడం అందరి అలవాటు. చూడాల్సింది తెర సైజు కాదు, నోటిఫికేషన్ ఎక్కడ రావాలి, ఎక్కడ రాకూడదు అన్నది.

కింద చెప్పిన పద్ధతులు విండోస్ 11వి. విండోస్ 10లో తేడా ఉన్న చోట అక్కడే చెప్పాం. మ్యాక్, లినక్స్ సంగతి చివర్లో ఉంది.

## విండోస్‌కు అంతా ఒకే చాప

మనకు మానిటర్లు రెండు. విండోస్‌కు మాత్రం అవి పక్కపక్కన కలిపి పరిచిన ఒకే చాప. ఆ చాప మీద ప్రతి విండోకూ అడ్డం, నిలువు కొలతల్లో ఒక స్థానం ఉంటుంది. మెయిన్ డిస్‌ప్లే ఎడమ పై మూల ఈ కొలతలకు సున్నా. అక్కడి నుంచి కుడికీ కిందికీ పోతే పిక్సెల్స్ లెక్క పెరుగుతుంది, ఎడమకూ పైకీ పోతే మైనస్‌లోకి వెళుతుంది.

ల్యాప్‌టాప్ తెర 1920×1080, అదే మెయిన్ అనుకోండి. దానికి ఎడమవైపు 2560×1440 మానిటర్ ఉంది. అప్పుడు ఆ మానిటర్ అడ్డం కొలత మైనస్ 2560 నుంచి మైనస్ 1 దాకా. దాని మీద ఉండగా మూసేసిన ప్రోగ్రాం, తన ఎడమ అంచు మైనస్ 1800 దగ్గర ఉందని రాసి పెట్టుకుంటుంది. మర్నాడు మానిటర్ లేకుండా ల్యాప్‌టాప్ ఒక్కటే తెరిస్తే మైనస్ 1800 అనే చోటే లేదు. జాగ్రత్తగా రాసిన ప్రోగ్రాం అది గమనించి ఉన్న తెర మీదికి జరుగుతుంది. అలా రాయనిది లేని చోటే తెరుచుకుంటుంది. టాస్క్‌బార్‌లో దాని ఐకాన్ కింద గీత కనిపిస్తుంది, తెర మీద మాత్రం ఏమీ ఉండదు.

మెయిన్ మార్చినప్పుడల్లా సున్నా చోటు మారుతుంది, దానితో ఈ లెక్కంతా కదులుతుంది. అందుకే దాన్ని ఒకసారి తేల్చుకుని వదిలేయడం మంచిది. రోజుకోసారి మార్చేవారికి విండోలు దారి తప్పడం మామూలే.

## అమరిక: పదినిమిషాల పని

1. మానిటర్ తగిలించి విండోస్ కీతో పాటు ‘పి’ నొక్కండి. నాలుగు ఎంపికలు వస్తాయి: పీసీ స్క్రీన్ ఒక్కటే, డూప్లికేట్ (రెండిటి మీదా ఒకే బొమ్మ), ఎక్స్‌టెండ్ (రెండూ కలిసి ఒకే పెద్ద చోటు), రెండో తెర ఒక్కటే. పని కోసమైతే ఎక్స్‌టెండ్.

2. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరవండి. పైన 1, 2 అంకెలతో పెట్టెలు ఉంటాయి. ‘ఐడెంటిఫై’ నొక్కితే ఆ అంకె అసలు తెర మీద కనిపిస్తుంది. ఈ అంకెకూ మెయిన్‌కూ సంబంధం లేదు. 2 అని ఉన్నది కూడా మెయిన్ కావచ్చు.

3. పెట్టెల్ని మౌస్‌తో లాగి, బల్ల మీద మానిటర్లు ఎలా ఉన్నాయో అలాగే అమర్చండి. ఎడమా కుడీ సరిచూసి చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఎత్తు కూడా చూడాలి. పెట్టెల సైజు పిక్సెల్స్‌ను బట్టి ఉంటుంది, అంగుళాల్ని బట్టి కాదు. 14 అంగుళాల 4కె (3840×2160) ల్యాప్‌టాప్ తెర, 24 అంగుళాల 1080 మానిటర్ కన్నా ఇక్కడ నాలుగింతలు పెద్దగా కనిపిస్తుంది. రెండు పెట్టెల అంచులు ఎక్కడ తాకుతాయో కర్సర్ అక్కడే దాటగలదు. తాకని చోట గోడ ఉన్నట్టు ఆగిపోతుంది. రోజూ మౌస్ ఏ ఎత్తులో దాటుతుందో ఆ ఎత్తులో అంచులు కలిసేలా జరిపి ‘అప్లై’ నొక్కండి.

4. అదే పేజీలో ‘మల్టిపుల్ డిస్‌ప్లేస్’ విప్పితే మెయిన్ ఎంచుకునే టిక్ ఉంటుంది. ముందు పైన కావలసిన పెట్టెను క్లిక్ చేసి, తర్వాత ‘మేక్ దిస్ మై మెయిన్ డిస్‌ప్లే’ టిక్ పెట్టాలి. ఆ టిక్ బూడిద రంగులో ఉండి కదలకపోతే, ఎంచుకున్న తెర ఇప్పటికే మెయిన్ అని అర్థం.

5. అక్కడే ఇంకో మూడు టిక్‌లు విండోస్ 11లో ఉన్నాయి. ‘రిమెంబర్ విండో లొకేషన్స్ బేస్డ్ ఆన్ మానిటర్ కనెక్షన్’ తప్పకుండా పెట్టుకోండి. ‘మినిమైజ్ విండోస్ వెన్ ఎ మానిటర్ ఈజ్ డిస్‌కనెక్టెడ్’ పెడితే, కేబుల్ తీయగానే ఆ తెర మీది విండోలు ల్యాప్‌టాప్ మీదికి ఎగబడకుండా టాస్క్‌బార్‌లోకి ముడుచుకుంటాయి. కేబుల్ మళ్లీ పెడితే పాత చోటికే వస్తాయి. ‘ఈజ్ కర్సర్ మూవ్‌మెంట్ బిట్వీన్ డిస్‌ప్లేస్’ పెడితే, అంచులు సరిగా కలవని చోట కూడా కర్సర్ దూకి అవతలికి పోతుంది.

## నోటిఫికేషన్ మన కళ్లను వెతుక్కుంటూ రాదు

విండోస్ నోటిఫికేషన్ మెయిన్ డిస్‌ప్లే కుడి కింది మూలలోనే వస్తుంది. మీరు ఏ తెర మీద టైప్ చేస్తున్నారు, కర్సర్ ఎక్కడ ఉంది, ఆ యాప్ విండో ఏ మానిటర్ మీద ఉంది, ఇవేవీ అది చూడదు. దాన్ని పక్క మానిటర్‌కు పంపే సెట్టింగ్ విండోస్‌లో లేదు. మెయిన్ మార్చడం ఒక్కటే దారి.

కాబట్టి ఇలా ఆలోచించండి. ఒంటరిగా పనిచేసేటప్పుడు, మీ ముఖానికి ఎదురుగా ఉండే తెర మెయిన్ కావాలి. ఇతరులకు తెర చూపించే పని తరచుగా ఉంటే, చూపించని తెర మెయిన్ కావాలి. రెండూ ఉన్నవారు రెండో సూత్రం పాటించడమే మేలు. నోటిఫికేషన్ కాస్త పక్కన వస్తే మెడ తిప్పి చూసుకోవచ్చు. బ్యాంకు ఓటీపీ పదిమంది ముందు కనబడితే తిప్పుకోవడానికి ఏమీ మిగలదు.

పక్క తెర మీద వచ్చే నోటిఫికేషన్ చూసేలోపే పోతోందంటే, అది ఉండే సమయం పెంచండి. మామూలుగా 5 సెకన్లు ఉంటుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో విజువల్ ఎఫెక్ట్స్‌కు వెళితే ఎంతసేపటికి తొలగిపోవాలో ఎంచుకునే జాబితా ఉంటుంది. 5 నిమిషాల దాకా పెంచవచ్చు. 15 సెకన్లు పెడితే రెండు తెరల వారికి సరిపోతుంది. అంతకు మించితే ఆ మూలలో ఉన్న బటన్లను కప్పేసి విసిగిస్తుంది. తప్పిపోయిన వాటిని చూడాలంటే విండోస్ కీతో ‘ఎన్’ నొక్కండి, విండోస్ 10లో అయితే ‘ఎ’.

ఇక యాప్‌వారీగా. సెట్టింగ్స్‌లో సిస్టమ్, నోటిఫికేషన్స్ తెరిచి కిందికి వెళితే యాప్‌ల జాబితా ఉంటుంది. ఒక్కో పేరు మీద నొక్కితే రెండు టిక్‌లు విడివిడిగా కనిపిస్తాయి: తెర మీద బ్యానర్ చూపడం, నోటిఫికేషన్ సెంటర్‌లో (విండోస్ కీతో ‘ఎన్’ నొక్కితే వచ్చే జాబితాలో) ఉంచడం. వాట్సాప్, మెయిల్ లాంటి వాటికి మొదటిది తీసేసి రెండోది ఉంచండి. మెసేజ్ ఎక్కడికీ పోదు, తెర మీదికి దూకదు, తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చు. యాప్‌ను మొత్తంగా ఆఫ్ చేయడం కన్నా ఇదే నయం. ఆఫ్ చేసినవాళ్లు తర్వాత మళ్లీ ఆన్ చేయడం మరచిపోయి, మెసేజ్‌లు రావడం లేదని నెట్ కనెక్షన్‌ను అనుమానిస్తారు.

ఇదంతా విండోస్ ద్వారా వచ్చే నోటిఫికేషన్ల సంగతి. కొన్ని యాప్‌లు విండోస్‌ను అడగకుండా సొంతంగా చిన్న విండో గీసుకుని నోటిఫికేషన్‌లా చూపిస్తాయి. నోటిఫికేషన్లు తెర మీదికి రాకుండా ఆపే విండోస్ మీట ‘డు నాట్ డిస్టర్బ్’ వాటికి వర్తించదు. టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. దాని నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లో విండోస్ నోటిఫికేషన్లు వాడాలా అనే మీట ఉంటుంది. అది తీసేస్తే తెర ఏ మూలలో రావాలో, ఒకేసారి ఎన్ని రావాలో మనమే ఎంచుకోవచ్చు. మూల ఎంచుకునే వీలు కావాలంటే అది తీసేయండి. మీటింగుల్లో నిశ్శబ్దం కావాలంటే విండోస్‌వే ఉంచండి. డు నాట్ డిస్టర్బ్ పెట్టినా ఏదో ఒకటి దూసుకొస్తోందంటే, ముందు అనుమానించాల్సింది ఇలా సొంతంగా గీసుకునే యాప్‌నే.

## ప్రొజెక్టర్, స్క్రీన్ షేరింగ్

డు నాట్ డిస్టర్బ్ తనంతట తాను ఆన్ అయ్యే సందర్భాలు నోటిఫికేషన్స్ పేజీలోనే ఉంటాయి: ఫలానా వేళల్లో, తెరను డూప్లికేట్ చేసినప్పుడు, గేమ్ ఆడుతున్నప్పుడు, యాప్‌ను ఫుల్ స్క్రీన్‌లో వాడుతున్నప్పుడు. వీటిలో డూప్లికేట్ అనే మాటను జాగ్రత్తగా చదవండి. ప్రొజెక్టర్‌ను ఎక్స్‌టెండ్‌లో పెడితే ఆ నియమం పనిచేయదు. అది పనిచేస్తుందని నమ్మి, ప్రొజెక్టర్‌నే మెయిన్‌గా వదిలేసి, ఎక్స్‌టెండ్‌లో క్లాసు చెబితే ప్రతి నోటిఫికేషనూ గోడ మీద రెండడుగుల ఎత్తున కనబడుతుంది.

క్లాసుకో మీటింగుకో ముందు చేయాల్సినవి ఇవి. ప్రొజెక్టర్ తగిలించాక ఎక్స్‌టెండ్ పెట్టండి. డిస్‌ప్లే పేజీలో ల్యాప్‌టాప్ తెరే మెయిన్ అని చూసుకోండి. ప్రతి మానిటర్ జతకూ పాత అమరికను విండోస్ గుర్తుపెట్టుకుంటుంది గనుక, ఎప్పుడో ఎవరో చేసిన మార్పు ఈ రోజు తిరిగి రావచ్చు. డు నాట్ డిస్టర్బ్ చేత్తోనే ఆన్ చేయండి. విండోస్ కీతో ‘ఎన్’ నొక్కితే పైన గంట గుర్తు ఉంటుంది.

పవర్‌పాయింట్‌లో స్లైడ్ షో ట్యాబ్‌కు వెళ్లి, మానిటర్ అనే జాబితాలో స్లైడ్లు ఏ తెర మీద పడాలో ఎంచుకోండి, ప్రెజెంటర్ వ్యూ (మీ నోట్స్ మీ తెర మీద మాత్రమే చూపేది) టిక్ పెట్టండి. అయినా తారుమారై మీ నోట్స్ గోడ మీద పడితే కంగారుగా కేబుల్ పీకవద్దు. ప్రెజెంటర్ వ్యూ పైభాగంలో డిస్‌ప్లే సెట్టింగ్స్ ఉంటుంది, అందులో రెండు తెరల్నీ మార్చుకునే ‘స్వాప్’ ఆదేశం నొక్కితే చాలు.

ఆన్‌లైన్ మీటింగ్ అయితే తెర మొత్తం షేర్ చేయకుండా ఒక్క విండోను షేర్ చేయడం అన్నిటికన్నా సురక్షితం. నోటిఫికేషన్ ఆ విండో మీదే పడినా అవతలివాళ్లకు వెళ్లేది ఆ విండో బొమ్మ మాత్రమే. ఒక చిక్కు ఉంది. ఆ ప్రోగ్రాం తెరిచే చిన్న డైలాగ్ పెట్టెలు, మెనూలు వేరే విండోలు కాబట్టి అవి అవతలివాళ్లకు కనిపించకపోవచ్చు. ఎక్సెల్‌లో పనిచేసి చూపించాలి, లేదా రెండు మూడు ప్రోగ్రాముల మధ్య తిరగాలి అంటే తెర మొత్తం షేర్ చేయక తప్పదు. అప్పుడు మెయిన్ కాని తెరను షేర్ చేయండి. జూమ్ వాడేవారికి దాని షేర్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో, షేర్ చేస్తున్నంతసేపూ సిస్టమ్ నోటిఫికేషన్లను ఆపే టిక్ కూడా ఉంది.

## ఏ విండో ఎక్కడ తెరుచుకుంటుంది

దీనికి ఒక్క నియమం లేదు. తన పాత చోటు రాసి పెట్టుకునే ప్రోగ్రాం అక్కడే తెరుచుకుంటుంది. రాసుకోనిదాన్ని విండోస్ మెయిన్ మీదో, మీరు దాన్ని నొక్కిన తెర మీదో తెరుస్తుంది. అందుకే టాస్క్‌బార్ రెండు తెరల మీదా ఉంచుకుంటే మంచిది. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో ఆ టిక్ ఉంటుంది. దాని కిందే ఐకాన్లు అన్ని టాస్క్‌బార్ల మీదా చూపాలా, విండో తెరిచి ఉన్న తెర మీదే చూపాలా అని ఎంచుకోవచ్చు. రెండోది పెడితే ఏ విండో ఎక్కడుందో వెతుకులాట తగ్గుతుంది. గడియారం పక్కన ఉండే చిన్న ఐకాన్లు మాత్రం మెయిన్ టాస్క్‌బార్ మీదే ఉంటాయి.

మొండిగా తప్పు తెర మీద తెరుచుకునే ప్రోగ్రాంకు చోటు నేర్పే పద్ధతి ఇది. దాని విండోలన్నీ మూసి ఒక్కటే ఉంచండి. మ్యాక్సిమైజ్‌లో ఉంటే మామూలు సైజుకు తెచ్చి, కావలసిన తెర మధ్యకు లాగండి. అక్కడే మూసేయండి. మళ్లీ తెరిచి చూడండి. రెండు మూడు విండోలు ఉన్నప్పుడు చాలా ప్రోగ్రాములు ఆఖరున మూసిన విండో చోటునే గుర్తుపెట్టుకుంటాయి. నేర్పినా మరచిపోతోందని అనిపించేది అందుకే.

విండోను పక్క తెరకు పంపడానికి మౌస్ అక్కర్లేదు. విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని ఎడమ లేదా కుడి బాణం నొక్కితే ఉన్న సైజులోనే అవతలికి పోతుంది. షిఫ్ట్ లేకుండా బాణం నొక్కితే తెరలో సగానికి అతుక్కుంటుంది. మూడో వంతు, నాలుగో వంతు అమరికలు కావాలంటే విండోస్ 11లో విండోస్ కీతో ‘జెడ్’. మానిటర్‌ను సొంత గళ్లుగా విభజించుకోవాలంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో ఫ్యాన్సీజోన్స్ ఉంది. దానిలో ఒకే గడిని రెండు మానిటర్ల మీదుగా సాగదీయాలంటే రెండింటి స్కేలింగ్ శాతం (అక్షరాలు, బటన్లు ఎంత పెద్దగా కనిపించాలో చెప్పే అంకె) ఒకటే ఉండాలి.

వర్చువల్ డెస్క్‌టాప్‌లు (ఒక్కో పనికి విండోలను విడివిడిగా ఉంచుకునే డెస్క్‌టాప్‌లు) వాడేవారికి ఒక మాట. విండోస్‌లో డెస్క్‌టాప్ మారిస్తే అన్ని మానిటర్లూ ఒకేసారి మారతాయి. రెండో తెర మీద చాట్‌నో పాటల ప్లేయర్‌నో కదలకుండా ఉంచాలంటే, విండోస్ కీతో ట్యాబ్ నొక్కి, ఆ విండో బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి, అన్ని డెస్క్‌టాప్‌ల మీదా చూపమనే ఆదేశం ఎంచుకోండి.

## కనిపించకుండా పోయిన విండోను తేవడం

ఈ వరుసలోనే ప్రయత్నించండి. చాలాసార్లు మొదటి రెండింటితోనే దొరుకుతుంది.

1. టాస్క్‌బార్‌లో దాని ఐకాన్ నొక్కి, విండోస్ కీ, షిఫ్ట్, ఎడమ బాణం. రాకపోతే మళ్లీ ఒకసారి.

2. ఆల్ట్, స్పేస్‌బార్ కలిపి నొక్కి వదిలి ‘ఎం’ నొక్కండి. తర్వాత ఏదో ఒక బాణం కీ ఒక్కసారి తట్టండి. ఇప్పుడు మౌస్ కదిపితే విండో కర్సర్‌కు అంటుకుని వస్తుంది. తెర మీదికి రాగానే క్లిక్ చేసి వదలండి. బాణం తట్టకుండా మౌస్ కదిపితే విండో రాదు. ఈ పద్ధతి పనిచేయడం లేదనేవారిలో ఎక్కువమంది మరచేది ఆ ఒక్క తట్టు.

3. ఆల్ట్, స్పేస్‌బార్‌కు వచ్చే మెనూలో ‘మూవ్’ బూడిద రంగులో ఉంటే ఆ విండో మ్యాక్సిమైజ్‌లో ఉందన్నమాట. ముందు ఆల్ట్, స్పేస్‌బార్, ‘ఆర్’ నొక్కి మామూలు సైజుకు తెచ్చి, తర్వాత రెండో పద్ధతి.

4. ఆల్ట్, స్పేస్‌బార్‌కు వేరే వెతుకుడు పెట్టె తెరుచుకుంటే, పవర్‌టాయ్స్ రన్ లాంటిది ఆ కీలను తీసుకుందని అర్థం. అప్పుడు టాస్క్‌బార్ ఐకాన్ మీద కర్సర్ ఉంచితే వచ్చే చిన్న బొమ్మ మీద రైట్ క్లిక్ చేయండి, అదే మెనూ వస్తుంది.

5. అప్పటికీ రాకపోతే విండోస్ కీతో ‘పి’ నొక్కి పీసీ స్క్రీన్ ఒక్కటే ఎంచుకోండి, అయిదారు సెకన్లు ఆగి మళ్లీ ఎక్స్‌టెండ్ పెట్టండి. లేని తెర మీది విండోల్ని విండోస్ ఉన్న తెర మీదికి లాక్కొస్తుంది.

వెతికే ముందు ఒకటి చూసుకోండి: హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీ తగిలించి, టీవీ ఆపేసి ఉంచారా? ఆపేసినా అది తగిలించే ఉందని విండోస్ అనుకోవచ్చు. విండో పోలేదు, చీకట్లో ఉన్న టీవీ మీద కూర్చుని ఉంది.

ప్రతిసారీ అదే ప్రోగ్రాం మాయమవుతుంటే తప్పు దాని రాతలోనే ఉండవచ్చు. మినిమైజ్ చేసిన విండో స్థానాన్ని అడిగితే విండోస్ అడ్డం మైనస్ 32000, నిలువు మైనస్ 32000 అని చెబుతుంది. మినిమైజ్‌లో ఉండగా మూసినప్పుడు ఆ అంకెల్నే సెట్టింగ్స్ ఫైల్‌లో రాసేసుకునే ప్రోగ్రాములు ఉన్నాయి. మినిమైజ్ నుంచి బయటికి తెచ్చాకే వాటిని మూయాలి. ఇలాంటి ప్రోగ్రాములు రాసేవారు గెట్‌విండోరెక్ట్ అనే విండోస్ ఫంక్షన్ బదులు గెట్‌విండోప్లేస్‌మెంట్ ఇచ్చే మామూలు స్థానాన్ని దాచి, తెరిచేటప్పుడు అది ఇప్పుడున్న ఏ మానిటర్‌నైనా తాకుతోందా అని ఒక్కసారి చూస్తే ఈ తిప్పలు ఉండవు.

## కరెంటు పోయి వస్తే అంతా చెదిరిపోతోంది

ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, మానిటర్ ఆరిపోతుంది. ఆ క్షణంలో విండోలన్నీ ల్యాప్‌టాప్ తెర మీదికి వస్తాయి. మానిటర్ బటన్ నొక్కి ఆపినా, అది గాఢనిద్రలోకి పోయినా కొన్నిటిలో ఇదే జరుగుతుంది, ముఖ్యంగా డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడినప్పుడు. మానిటర్ ఉందని తెలిపే సంకేతం ఆగిపోగానే విండోస్ కేబుల్ పీకేశారనే అనుకుంటుంది.

విండోస్ 11లో పైన చెప్పిన రిమెంబర్ టిక్ ఉంటే, మానిటర్ తిరిగి వచ్చాక విండోలు తమ చోట్లకు పోతాయి. విండోస్ 10లో ఆ టిక్ లేదు. అక్కడ మానిటర్ సొంత మెనూలో డీప్ స్లీప్ లాంటి పేరుతో ఉన్నదాన్ని ఆఫ్ చేయండి, పని మధ్యలో బటన్ నొక్కి ఆపకుండా దానంతట అది స్టాండ్‌బైలోకి పోనివ్వండి. ఇంట్లో ఇన్వర్టర్ గానీ యూపీఎస్ గానీ ఉంటే రూటర్‌తో పాటు మానిటర్‌నూ దానికే తగిలించండి. ఇంకొకటి, మానిటర్ కేబుల్‌ను రోజూ ఒకే పోర్టులో పెట్టండి. పోర్టు మారితే విండోస్ దాన్ని కొత్త జతగా లెక్కగట్టి పాత చోట్లను వదిలేయవచ్చు. ఒకే మోడల్ మానిటర్లు రెండు ఉన్నవారికి ఇది మరీ అవసరం.

ఆ మానిటర్ మీద మాత్రమే కర్సర్ బరువుగా, ఈడ్చినట్టు కదులుతుంటే డిస్‌ప్లే పేజీలో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి రిఫ్రెష్ రేటు (సెకనుకు తెర మీద బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో) చూడండి. 4కె మానిటర్‌కు హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 30 హెర్ట్జ్ మాత్రమే ఇస్తుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 లేదా డిస్‌ప్లేపోర్ట్ ఉండాలి.

## ఒక తెర మీద స్పష్టం, ఇంకో తెర మీద మసక

14 అంగుళాల 1920×1080 తెరలో అంగుళానికి సుమారు 157 పిక్సెల్స్. అదే రిజల్యూషన్ 24 అంగుళాల మానిటర్‌లో 92. అందుకే మొదటిదానికి 150 శాతం, రెండోదానికి 100 శాతం స్కేలింగ్ పెడతాం, అక్షరాలు రెండిటి మీదా దాదాపు ఒకే సైజులో ఉంటాయి. విండోను లాగుతూ ఉంటే, ఎక్కువ భాగం అవతలి తెర మీదికి చేరగానే దాని సైజు గభాలున మారుతుంది. అది తప్పు కాదు, కొత్త శాతానికి సర్దుకోవడం. ఈ సర్దుబాటు తెలియని పాత ప్రోగ్రాములను విండోస్ ఫోటోను సాగదీసినట్టు సాగదీస్తుంది, అక్షరాలు అలుక్కుపోతాయి.

ఆ ప్రోగ్రాం ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ ట్యాబ్, అందులో హై డీపీఐ సెట్టింగ్స్ తెరవండి. కింద ‘ఓవర్‌రైడ్’ టిక్ పెట్టి ముందు ‘సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్’ ప్రయత్నించండి. బాగా పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లాంటి వాటిలో అక్షరాలు స్పష్టపడతాయి, కొన్నిటిలో బటన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అలా ఎక్కితే ‘అప్లికేషన్’కు మార్చండి. స్పష్టంగా ఉంటుంది, కాకపోతే చిన్నగా కనిపిస్తుంది. ఏదీ కుదరకపోతే ఆ ప్రోగ్రాంను మెయిన్ తెర మీదే వాడుకోవడం తప్ప మార్గం లేదు.

## మ్యాక్‌లో

సిస్టమ్ సెట్టింగ్స్, డిస్‌ప్లేస్‌లో తెరను ఎంచుకుని ‘యూజ్ యాజ్’ జాబితాలో మెయిన్ డిస్‌ప్లే పెట్టాలి. నోటిఫికేషన్లు మెయిన్ తెర కుడి పై మూలలో వస్తాయి. తెరను మిర్రర్ లేదా షేర్ చేస్తున్నప్పుడు నోటిఫికేషన్లు చూపాలా అనే మీట నోటిఫికేషన్స్ పేజీ పైనే ఉంటుంది. దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి.

డెస్క్‌టాప్ అండ్ డాక్ పేజీలో మిషన్ కంట్రోల్ కింద ‘డిస్‌ప్లేస్ హావ్ సెపరేట్ స్పేసెస్’ అనే మీట చాలా సంగతుల్ని నిర్ణయిస్తుంది. ఆన్‌లో ఉంటే ప్రతి తెరకూ సొంత మెనూ బార్, సొంత డెస్క్‌టాప్‌లు ఉంటాయి. ఒక తెర మీద డెస్క్‌టాప్ మారిస్తే రెండోది కదలదు. అయితే ఒక్క విండోను రెండు తెరల మీదుగా సాగదీయలేం. ఆఫ్ చేస్తే సాగదీయవచ్చు గానీ, ఏదైనా యాప్ ఫుల్ స్క్రీన్ చేయగానే రెండో తెర నల్లబడుతుంది. మార్చాక లాగౌట్ అయి మళ్లీ రావాలి. డాక్ (యాప్ ఐకాన్ల పట్టీ) రెండో తెర మీద కావాలంటే కర్సర్‌ను ఆ తెర కింది అంచుకు తీసుకెళ్లి ఇంకా కిందికి నెట్టండి.

కొనేముందు చూడాల్సినవి: మామూలు ఎం1, ఎం2 చిప్‌ల మ్యాక్‌బుక్ ఎయిర్‌కు బయటి మానిటర్ ఒక్కటే. ఎం3 ఎయిర్ మూత మూసి ఉంచితే రెండు, ఎం4 ఎయిర్ మూత తెరిచి ఉన్నా రెండు. విండోస్ ల్యాప్‌టాప్‌కు రెండు మానిటర్లు ఇచ్చే ఎంఎస్‌టీ హబ్ కొని మ్యాక్‌కు తగిలిస్తే రెండిటి మీదా ఒకే బొమ్మ వస్తుంది. ఆ పద్ధతిలో విడివిడి తెరలు ఇవ్వడం మ్యాక్ ఓఎస్‌లో లేదు.

## లినక్స్‌లో

గ్నోమ్ డెస్క్‌టాప్‌లో నోటిఫికేషన్ ప్రైమరీ (మెయిన్) తెర పైన మధ్యలో వస్తుంది. విండోను పక్క తెరకు పంపడానికి విండోస్‌లో వాడే కీలే: సూపర్ (విండోస్ కీ), షిఫ్ట్, బాణం. వర్క్‌స్పేస్ మారిస్తే మామూలుగా ప్రైమరీ తెర ఒక్కటే మారుతుంది. రెండూ మారాలంటే సెట్టింగ్స్‌లో మల్టీటాస్కింగ్ పేజీ చూడండి. కేడీఈ ప్లాస్మా అనే ఇంకో డెస్క్‌టాప్‌లో నోటిఫికేషన్ తెర ఏ వైపు రావాలో సెట్టింగ్స్‌లోనే ఎంచుకోవచ్చు.

తెర మీద విండోల్ని చూపే కొత్త వ్యవస్థ వేలాండ్‌కు మారాక యాప్‌లు పాత చోట్లు మరచిపోతున్నాయని అనిపిస్తే, అది యాప్ తప్పు కాదు. తెర మీద తానెక్కడ ఉన్నదీ తెలుసుకోవడానికి గానీ, ఫలానా చోట పెట్టమని అడగడానికి గానీ వేలాండ్ మామూలు యాప్‌లకు వీలు ఇవ్వదు. చోటు నిర్ణయించేది డెస్క్‌టాప్ ఒక్కటే. దానికి ముందున్న ఎక్స్11 రోజుల్లో యాప్‌లు సొంతంగా చేసుకున్న పనిని ఇప్పుడు కేడీఈలో విండో రూల్స్‌తో మనమే రాసుకోవాలి.

కర్సర్ ఉన్న తెర మీదే నోటిఫికేషన్ రావాలనే కోరిక విండోస్‌లో తీరదని పైన చెప్పాం. సొంతంగా డెస్క్‌టాప్‌ను కూర్చుకునే లినక్స్ వాడకందారులకు అది డన్‌స్ట్ అనే నోటిఫికేషన్ ప్రోగ్రాంలో ఒక్క పంక్తి పని. దాని కాన్ఫిగ్ ఫైల్‌లో ‘ఫాలో’ ఎదురుగా ‘మౌస్’ అని రాస్తే నోటిఫికేషన్ కర్సర్ ఉన్న తెరకు వస్తుంది, ‘కీబోర్డ్’ అని రాస్తే టైప్ చేస్తున్న విండో ఉన్న తెరకు వస్తుంది. ‘నన్’ అని రాస్తే ‘మానిటర్’ పంక్తిలో మీరిచ్చిన అంకె తెర మీదే ఉంటుంది. ఫైల్ మార్చాక డన్‌స్ట్‌ను ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టండి.